సీ భాషలో అక్షరం ఒక సంఖ్యే: మొదటి ఏడాది ల్యాబ్‌లలో తికమకకు మూలం

సంక్షిప్తంగా: సీ భాషలో అక్షరానికంటూ వేరే రకం దత్తాంశం లేదు. ఒక బైటులో ఇమిడే చిన్న పూర్ణాంకాన్నే అది అక్షరంగా వాడుకుంటుంది. ఎంటర్ నొక్కితే ప్రోగ్రాం దానంతటదే ముందుకు దూకడం, పేరు సగమే నిలవడం, లూప్ ఆగకపోవడం, తెలుగు పదం పొడవు తప్పుగా రావడం పైకి వేర్వేరు దోషాల్లా కనిపిస్తాయి. వీటన్నింటి వెనకా ఉన్నది ఆ ఒక్క నిర్ణయమే. ఆ నిర్ణయం ఎలా పుట్టింది, ఎక్కడెక్కడ ఇబ్బంది పెడుతుంది, తెలుగు లిపి దగ్గరకు వచ్చేసరికి దాని పర్యవసానం ఏమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నేపథ్యం

విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అదే మండలంలో ఉన్న ట్రిపుల్ ఐటీ, వీటి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్, పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీలు కలిపి చూస్తే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కంప్యూటర్ చదువులో అడుగుపెట్టే విద్యార్థుల్లో చాలామందికి తొలి ప్రోగ్రామింగ్ భాష సీ. మొదటి వారాల్లో రెండు సంఖ్యల కూడిక, సరి బేసి, ఫ్యాక్టోరియల్ వంటివి సాఫీగానే సాగిపోతాయి. అక్షరాలు, పదాలు మొదలైన చోటే తడబాటు మొదలవుతుంది. సంఖ్యలతో సరిగ్గా నడిచిన స్కాన్‌ఎఫ్ (కీబోర్డు నుంచి విలువలు చదివే ఫంక్షన్) అక్షరం దగ్గర ఎందుకు మొరాయిస్తుందో రికార్డు పుస్తకంలో ఉండదు. ‘పర్సంట్ సీ ముందు ఒక స్పేస్ పెట్టండి’ అన్న చిట్కా మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకు అందుతూ ఉంటుంది. పర్సంట్ సీ అంటే ఒక అక్షరం చదవమని, పర్సంట్ డీ అంటే ఒక పూర్ణాంకం చదవమని స్కాన్‌ఎఫ్‌కు ఇచ్చే సూచన. చిట్కా సరైనదే. కారణం తెలియకపోతే అది తర్వాతి దోషం దగ్గర పనికిరాదు.

అక్షరం వెనకున్న సంఖ్య

కంప్యూటర్ మెమొరీలో సంఖ్యలు తప్ప మరేవీ నిలవవు కాబట్టి, ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్న ఒప్పందం ఒకటి అవసరమైంది. అమెరికాలో 1963లో వెలువడి, 1967 సవరణతో ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలను కూడా చేర్చుకున్న ఆస్కీ అటువంటి ఒప్పందమే. అందులో 0 నుంచి 127 వరకు 128 స్థానాలున్నాయి. పెద్ద ఏ 65, చిన్న ఏ 97, సున్నా అంకె గుర్తు 48, ఖాళీ స్థలం 32, కొత్త వరుస 10.

సీ భాషలో చార్ అన్నది ఈ సంఖ్యను దాచుకునే పెట్టె. దాని పరిమాణం నిర్వచనం ప్రకారమే 1 బైటు. మామూలు పూర్ణాంకాల రకమైన ఇంట్‌లో ఉన్న 65కూ చార్‌లో ఉన్న పెద్ద ఏకూ విలువలో తేడా ఏమీ లేదు. తేడా తెరమీద చూపే ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్‌లో ఉంది: పర్సంట్ డీ అంటే 65 అని చూపుతుంది, పర్సంట్ సీ అంటే ఆ స్థానంలోని బొమ్మను చూపుతుంది. సింగిల్ కోట్‌ల మధ్య రాసిన అక్షరం కూడా సీ దృష్టిలో ఇంటే, చార్ కాదు. అందుకే ఎన్ని బైట్లో చెప్పే సైజ్‌ఆఫ్‌ను దాని మీద వేస్తే నేటి కంపైలర్లలో (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాధనాల్లో) సాధారణంగా 4 వస్తుంది, ఇంట్ 2 బైట్లుగా ఉన్న పాత టర్బో సీలో 2 వస్తుంది. అదే వరుసను సీ ప్లస్ ప్లస్‌గా కంపైల్ చేస్తే 1 వస్తుంది.

ఇక్కడ ఒకదానితో ఒకటి కలిసిపోయే నాలుగు విషయాలను విడదీసి చూడాలి. మామూలుగా రాసిన సున్నా విలువ 0. సింగిల్ కోట్‌ల మధ్య రాసిన సున్నా విలువ 48. సింగిల్ కోట్‌ల మధ్య బ్యాక్‌స్లాష్ పెట్టి రాసిన సున్నా విలువ మళ్లీ 0. దీన్నే నల్ అక్షరం అంటారు. డబుల్ కోట్‌ల మధ్య రాసిన సున్నా అసలు ఒక్క సంఖ్యే కాదు, 48, 0 అనే రెండు బైట్ల అర్రే, అంటే వరుస గదుల సముదాయం. కీబోర్డు నుంచి అక్షరంగా చదివిన 5ను నేరుగా కూడితే మొత్తానికి 53 కలుస్తుంది. అందులోంచి కోట్‌లలోని సున్నాను తీసివేస్తేనే 5 మిగులుతుంది.

పెద్ద అక్షరానికి 32 కలిపితే చిన్న అక్షరం వస్తుందన్న లెక్క ఆస్కీకి మాత్రమే వర్తిస్తుంది. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు వాడే ఎబ్‌సిడిక్ పద్ధతిలో పెద్ద ఏ 193, చిన్న ఏ 129. పైగా అక్కడ ఐ 201 అయితే దాని తర్వాతి జే 209. అక్షరాల వరుసలో మధ్యమధ్య ఖాళీలున్నాయి. అంకెలు వరుసగా ఉంటాయని సీ ప్రమాణం, అంటే ఆ భాష నియమాల అధికారిక పత్రం, హామీ ఇస్తుంది, అక్షరాలకు ఆ హామీ ఇవ్వదు. ల్యాబ్ కంప్యూటర్‌లో 32 కలిపినా జరిగే నష్టం లేదు కానీ, పెద్ద, చిన్న అక్షరాలుగా మార్చే టుఅప్పర్, టులోయర్ ఫంక్షన్ల అలవాటు మొదటి నుంచే చేయించడం మేలు.

ఎంటర్ కూడా ఒక అక్షరమే

తికమకల్లో అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది ఇది. ప్రోగ్రాం ముందు వయసు అడుగుతుంది, తర్వాత ‘కొనసాగించాలా, వై లేక ఎన్?’ అని అడుగుతుంది. విద్యార్థి 19 కొట్టి ఎంటర్ నొక్కగానే రెండో ప్రశ్న తెరమీద కనిపించి, జవాబు కోసం ఆగకుండానే ప్రోగ్రాం ముగిసిపోతుంది.

కీబోర్డు మీద కొట్టినవి వెంటనే ప్రోగ్రాంకు చేరవు. ఎంటర్ పడేదాకా టెర్మినల్ వాటిని తన దగ్గరే పోగుచేసి, ఆ తర్వాత మొత్తం వరుసను ఒకేసారి అందిస్తుంది. 19 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు ఇన్‌పుట్ బఫర్‌లోకి, అంటే చదవడానికి ఎదురుచూసే వరుసలోకి, చేరేవి మూడు సంఖ్యలు: 49, 57, 10. పర్సంట్ డీ ముందున్న ఖాళీలను దాటుకుని, అంకెలు వచ్చినంతసేపూ తీసుకుని, అంకె కానిది తగలగానే ఆగుతుంది. ఆ తగిలిన 10ని అది తీసుకోదు. కాంప్లెక్స్‌లో టికెట్ కౌంటర్ దగ్గర తన వంతు కోసం నిలబడ్డ మనిషిలా ఆ 10 వరుసలో మొదటి స్థానంలోనే ఉంటుంది. తర్వాత వచ్చిన పర్సంట్ సీకి ఖాళీలను దాటే అలవాటు లేదు. వరుసలో ముందున్నది ఏదైనా దానికి అక్షరమే. అది 10ని తీసుకుంటుంది. 10 వై కాదు కాబట్టి ప్రోగ్రాం లూప్‌ను ముగిస్తుంది. ప్రోగ్రాం ఇక్కడ ఏదీ ‘దాటేయలేదు’. అడిగిన అక్షరం అప్పటికే సిద్ధంగా ఉంది, అది దాన్ని చదివింది, అంతే.

పర్సంట్ సీ ముందు స్పేస్ ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. స్కాన్‌ఎఫ్ ఫార్మాట్‌లో ఒక్క స్పేస్ ఉంటే, వరుసలో ఎన్ని స్పేస్‌లు, ట్యాబ్‌లు, ఎంటర్‌లు ఉన్నా అన్నిటినీ తీసివేయమని అర్థం. దీనికి బదులు ఎఫ్‌ఫ్లష్ ఫంక్షన్‌తో ఎస్‌టీడీఇన్‌ను, అంటే కీబోర్డు ఇన్‌పుట్‌ను, ఖాళీ చేయమని చెప్పే నోట్స్ చాలాచోట్ల తిరుగుతున్నాయి. ఎఫ్‌ఫ్లష్ ఏం చేయాలో సీ ప్రమాణం అవుట్‌పుట్ వైపు మాత్రమే నిర్వచించింది. ఇన్‌పుట్ వైపు వాడితే ఒక కంపైలర్‌లో పనిచేసి, మరొకదానిలో పనిచేయకపోవచ్చు. ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రాం ప్రాక్టికల్ పరీక్షనాడు వేరే కంప్యూటర్‌లో మొరాయించడానికి ఇటువంటి అలవాట్లు చాలు.

ఇదే కారణానికి మరో రూపం మెనూ ప్రోగ్రాంలలో కనిపిస్తుంది. 1 నుంచి 4 వరకు ఏదో ఒకటి కొట్టమంటే, పొరపాటున ఒక ఇంగ్లీషు అక్షరం పడుతుంది. పర్సంట్ డీకి అది అక్కరకు రాదు కాబట్టి వరుసలోనే వదిలేసి వెనక్కి వస్తుంది. లూప్ మళ్లీ తిరుగుతుంది, మళ్లీ అదే అక్షరం ఎదురవుతుంది, మెనూ ఆగకుండా తెరమీద పరుగెడుతుంది. స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలు విజయవంతంగా చదివిందో తిరిగి చెబుతుంది. ఆ సంఖ్యను పట్టించుకోకుండా వదిలేయడం మొదటి ఏడాది ప్రోగ్రాంలలో అతి సాధారణమైన లోపం. మెరుగైన పద్ధతి ఎఫ్‌గెట్స్‌తో వరుస మొత్తాన్ని ఒక అర్రేలోకి చదివి, ఆపై ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో అందులోంచి కావలసింది ఏరుకోవడం. అప్పుడు ఎంటర్ ఎక్కడ మిగిలిందన్న బెంగ ఉండదు.

టర్బో సీ వదిలిన అలవాట్లు

బోర్లాండ్ సంస్థ టర్బో సీని 1987లో విడుదల చేసింది. ఆ తరం కంపైలర్‌ను నేటికీ పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్ సాయంతో నడుపుతున్న ల్యాబ్‌లున్నాయి. దానితో వచ్చిన కోనియో హెడర్‌లోని గెట్‌చ్ ఫంక్షన్ ఎంటర్ కోసం ఆగదు, కొట్టిన అక్షరాన్ని తెరమీద చూపదు, నేరుగా కీబోర్డు నుంచి తీసుకుంటుంది. గెట్‌చార్ అలా కాదు. అది బఫర్ మీద ఆధారపడుతుంది. ఎంటర్ నొక్కినప్పుడు గెట్‌చ్‌కు అందేది 13, గెట్‌చార్‌కు అందేది 10. రెండూ ఒకటేననుకుని ఒకదాని చోట మరొకటి పెట్టిన ప్రోగ్రాంలో ‘ఎంటర్ వచ్చేదాకా చదువు’ అన్న లూప్ పనిచేయకపోవడానికి కారణం ఈ తేడాయే. కోనియో సీ ప్రమాణంలో భాగం కూడా కాదు. లైనక్స్‌లోని జీసీసీ కంపైలర్ దాన్ని గుర్తించదు.

గెట్‌చార్ ఇచ్చేది ఇంట్ ఎందుకు

అక్షరాన్ని చదివే ఫంక్షన్ చార్ కాకుండా ఇంట్ ఇస్తుందని చూసి చాలామంది అచ్చుతప్పు అనుకుంటారు. బైటులో 0 నుంచి 255 వరకు 256 విలువలు పడతాయి, ఫైలులో వాటిలో ఏదైనా రావచ్చు. ‘ఇక ఏమీ లేదు’ అని చెప్పడానికి ఆ 256కు బయట మరో విలువ కావాలి. అదే ఈఓఎఫ్. అది ఎప్పుడూ రుణ సంఖ్యే, సాధారణంగా −1. 257 సంగతులు 256 విలువల్లో ఇమడవు కాబట్టి ఇంట్ అవసరమైంది.

ఫలితాన్ని చార్‌లో దాస్తే ఏమవుతుందన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది. చార్ రుణ విలువలను కూడా పట్టాలా వద్దా అన్న నిర్ణయాన్ని సీ ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లున్న ల్యాబ్ కంప్యూటర్లలో చార్ −128 నుంచి 127 వరకు ఉంటుంది. కాబట్టి −1 చార్‌లోనూ −1గానే మిగిలి, లూప్ ఆగుతుంది. ఆర్మ్ ప్రాసెసర్ల మీద నడిచే ఆండ్రాయిడ్ ఫోన్లలో చార్ 0 నుంచి 255 వరకు ఉంటుంది. అక్కడ −1 కాస్తా 255 అవుతుంది, ఈఓఎఫ్‌తో ఎన్నటికీ సరిపోలదు, లూప్ ఆగదు. ల్యాప్‌టాప్ లేనందువల్ల ఫోన్‌లోని కంపైలర్ యాప్‌లలో సాధన చేసే విద్యార్థికి ‘కాలేజీలో పనిచేసింది, ఇంటి దగ్గర పనిచేయడం లేదు’ అనిపించడానికి ఇది ఒక నిజమైన కారణం. తప్పు ఫోన్‌ది కాదు. ఇంట్ అని రాయవలసిన చోట చార్ అని రాయడమే తప్పు.

పది అక్షరాల ఊరికి పదకొండు గదులు

శ్రీకాకుళం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పది అక్షరాలు, విజయనగరం అయితే పన్నెండు. వాటిని నిలపడానికి కావలసిన చార్ అర్రేలు మాత్రం పదకొండు, పదమూడు గదులవి. చివరి గదిలో నల్ ఉండాలి. ఆ నల్ లేకపోతే పదం ఎక్కడ ముగిసిందో ప్రింట్‌ఎఫ్‌కు గానీ పదం పొడవు లెక్కించే స్ట్ర్‌లెన్‌కు గానీ తెలిసే దారి లేదు. అవి మెమొరీలో తర్వాతి సున్నా తగిలేదాకా ముందుకు పోతూనే ఉంటాయి. ఊరి పేరు తర్వాత చెత్త గుర్తులు రావడం దీని లక్షణం. ఇందులో ఒక మెలిక ఉంది. పది గదుల అర్రేకు పది అక్షరాల పదాన్ని తొలి విలువగా ఇస్తే సీ ప్రమాణం దాన్ని తప్పుగా పరిగణించదు, నల్‌ను మాత్రం వదిలేస్తుంది. సీ ప్లస్ ప్లస్ అదే వరుసను తిరస్కరిస్తుంది. అందుకే అర్రే పరిమాణం రాయకుండా చదరపు బ్రాకెట్లను ఖాళీగా వదిలి, లెక్క కంపైలర్‌కే అప్పగించడం క్షేమం.

పదం చివర గుర్తు పెట్టే ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. సీకి పూర్వగామి బీ, దానికి పూర్వగామి బీసీపీఎల్. బీసీపీఎల్ పదం పొడవును మొదట్లోనే ఒక చిన్న గదిలో రాసుకునేది, దానివల్ల పదం పొడవుకు ఒక పరిమితి ఏర్పడేది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రూపొందించిన బీ భాష ఆ లెక్కను తీసేసి, చివర ఒక గుర్తు పెట్టింది. డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో బీని సీగా మలిచినప్పుడు ముగింపు గుర్తు పద్ధతి కొనసాగింది, చార్ అనే రకం కొత్తగా చేరింది. బైటు బైటుకూ విడిగా చిరునామా ఉండే పీడీపీ 11 యంత్రం దానికి ప్రేరణ. పొడవుకు పరిమితి పోయింది. పొడవు ఎంతో ఎవరికీ ముందుగా తెలియకపోవడం దానికి చెల్లించిన మూల్యం.

ఆ మూల్యం ఎంతటిదో 1988 నవంబరులో బయటపడింది. ఇంటర్నెట్‌లో వ్యాపించిన మోరిస్ వర్మ్ అనే హానికర ప్రోగ్రాం వాడుకున్న దారుల్లో ఒకటి, గెట్స్ ఫంక్షన్‌తో 512 బైట్ల బఫర్‌లోకి చదివే ఒక సర్వర్ ప్రోగ్రాం. అర్రేలో ఎన్ని గదులున్నాయో గెట్స్‌కు చెప్పే వీలే లేదు, కాబట్టి అంతకుమించి పంపితే పక్క మెమొరీ మీద రాసేస్తుంది. 2011లో వచ్చిన సీ ప్రమాణం గెట్స్‌ను పూర్తిగా తొలగించింది. పాత ల్యాబ్ మాన్యువల్ ఏదైనా దాన్ని ఇంకా నేర్పుతుంటే ఆ పేజీ మార్చక తప్పదు. దాని స్థానంలోని ఎఫ్‌గెట్స్ గదుల సంఖ్య అడుగుతుంది. అయితే ఎంటర్‌ను, అంటే 10ని కూడా పదంలోనే ఉంచుతుంది. రెండు పేర్లు ఒకటే అయినా పదాలను పోల్చే స్ట్ర్‌కంప్ వేరని చెబితే ముందుగా వెతకవలసింది ఆ 10 కోసమే.

పదాన్ని చదివే పర్సంట్ ఎస్‌తో పేర్లు చదివేటప్పుడు మరో ఇబ్బంది ఉంది. అది ఖాళీ దగ్గర ఆగిపోతుంది. ఆమదాలవలసలోని రైల్వే స్టేషన్ పేరు ‘శ్రీకాకుళం రోడ్’ అని ఇంగ్లీషులో కొడితే మొదటి పదమే నిలుస్తుంది, ‘రోడ్’ తర్వాతి స్కాన్‌ఎఫ్ కోసం బఫర్‌లో ఎదురుచూస్తుంది. ఇక రెండు పదాలను రెండు సమాన గుర్తులతో పోల్చితే సీ పోల్చేది వాటి చిరునామాలను, అక్షరాలను కాదు.

తెలుగు పదం వచ్చినప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా ‘ఒక అక్షరం, ఒక బైటు’ అన్న ఊహ మీద నిలిచింది. తెలుగు పదం కొట్టగానే ఆ ఊహ కూలిపోతుంది. ప్రపంచంలోని లిపులకు సంఖ్యలిచ్చే ఒప్పందమైన యూనికోడ్ తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించింది. ఇవి ఒక బైటులో పట్టవు. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న యూటీఎఫ్ 8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. గుణింతపు గుర్తూ, పొల్లూ, సున్నా కూడా విడివిడి సంకేతాలే.

‘శ్రీకాకుళం’ చదివేవారికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు పది సంకేతాలు: శ, పొల్లు, ర, దీర్ఘ గుడి, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. స్ట్ర్‌లెన్‌కు 30. ‘విజయనగరం’ చదివేవారికి ఆరు అక్షరాలు, ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. స్ట్ర్‌లెన్ చెప్పినది అబద్ధం కాదు. నల్ వచ్చేదాకా బైట్లు లెక్కించడమే దాని పని. ‘శ’ను పర్సంట్ డీతో బైటు బైటుగా చూస్తే 224, 176, 182 రావాలి. ల్యాబ్ కంప్యూటర్‌లో −32, −80, −74 కనిపిస్తాయి, చార్ అక్కడ రుణ విలువలను కూడా పడుతుంది కాబట్టి. అటువంటి రుణ విలువను అక్షరమా కాదా అని చూసే ఈజ్‌ఆల్ఫా వంటి ఫంక్షన్లకు పంపకూడదు. ముందుగా రుణ విలువలు లేని అన్‌సైన్డ్ చార్‌గా మార్చాలి.

యూటీఎఫ్ 8ను 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. బీ భాష కర్త థాంప్సనే ఇందులోనూ ఉన్నారు. బహుళ బైట్ల సంకేతంలో ఎక్కడా 0 గానీ ఆస్కీ పరిధిలోని మరే బైటు గానీ రాకుండా దీన్ని అమర్చారు. అందుకే సీ ప్రోగ్రాం తెలుగు పదాన్ని చదివి, కాపీ చేసి, యథాతథంగా ముద్రించగలుగుతుంది. నల్ మధ్యలో అడ్డుపడదు. పదాన్ని విడదీసే పని వచ్చినప్పుడే తేడా వస్తుంది. మొదటి ఏడాది ల్యాబ్‌లో తప్పనిసరిగా కనిపించే ‘పదాన్ని తిరగేయండి’ ప్రోగ్రాంకు తెలుగు పదం ఇస్తే బైట్లు తలకిందులై, తెరమీద ప్రశ్నార్థకాల పెట్టెలు మిగులుతాయి.

తెలుగువారికి తెలిసిన ‘వికటకవి’ పదాన్ని పాలిండ్రోమ్ ప్రోగ్రాంకు ఇస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ఎటు నుంచి చదివినా ఒకటే అయిన ఆ పదాన్ని ప్రోగ్రాం మొదటి పోలికలోనే తిరస్కరిస్తుంది: 21 బైట్లలో మొదటిది 224, చివరిది 191. మూడేసి బైట్లను కలిపి సంకేతాలుగా చేసినా పని పూర్తికాదు. ఏడు సంకేతాల్లో మొదటిది వ, చివరిది గుడి. హల్లుకు దాని గుణింతాన్నీ, పొల్లు తర్వాత వచ్చే హల్లునూ జతచేసి అక్షరాలుగా కట్టిన తర్వాతే వి, క, ట, క, వి అన్న ఐదు గుంపులు ఏర్పడి, పోలిక నెగ్గుతుంది. ఆ కట్టే పనిని సీ భాష చేయదు, ప్రోగ్రాం రాసేవారే చేయాలి. 128 నుంచి 191 వరకు ఉన్న బైటు అంతకుముందు మొదలైన సంకేతానికి కొనసాగింపు అన్న ఒక్క నియమంతో మొదటి మెట్టు, అంటే సంకేతాల లెక్క, పది వరుసల లోపు ప్రోగ్రాంలో తేలుతుంది. రెండో మెట్టుకు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో ఏ సంఖ్యల మధ్య ఉన్నాయో చూసే చిన్న పట్టిక చాలు. ‘క’ 3093, ‘హ’ 3129, పొల్లు 3149.